పాతర గాలి

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, నేను నోరు తెరిచేలోగా మా చెల్లె జవాబు చెప్పేస్తుంది. "మా అక్క ఊర్లు తిరిగి మందిండ్లల్ల గాలి కొలుస్తది" అంటుంది. మొదట్లో కోపం వచ్చేది. రిటైరయ్యాక ఆలోచిస్తే, అంతకంటే సూటిగా నేనూ చెప్పలేనని తెలిసింది. ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో టెక్నికల్ ఆఫీసరుగా పనిచేశాను. రాష్ట్రం వచ్చినప్పటి నుంచి రిటైరయ్యేదాకా నేను చేసిన పని ఒక్కటే: నల్లగొండ, పాలమూరు ఊళ్ళలో ఇళ్ళ లోపల రేడాన్ ఎంత ఉందో కొలవడం.

రేడాన్‌కు రంగు లేదు, వాసన లేదు. నేలలోనూ రాళ్ళలోనూ సహజంగా ఉండే యురేనియం ఏళ్ళకేళ్ళు మారుతూ మారుతూ ఈ వాయువును పుట్టిస్తుంది. మనది గ్రానైటు గడ్డ, అందుకే ఇక్కడ వెతకాలి. ఆరుబయట అది గాలిలో కలిసిపోతుంది, మూసిన గదిలో పోగవుతుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెరుగుతుంది. నాలుగు రోజులకో నెలకో ప్రాణం మీదికి రాదు. ఈ చివరి రెండు మాటలనూ కలిపి చెప్పడం నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. మొదటిదే చెబితే జనం హడలిపోతారు, రెండోదే చెబితే మన మాట వినరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో మీకు అక్కర్లేదు, నాకే సరిగ్గా గుర్తులేదు.

డబ్బీల తిప్పలు

మా ఆయుధం అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బీ. లోపల చిన్న ఫిల్ము ముక్క ఉంటుంది. గది మధ్యలో పైకప్పు నుంచి దారంతో వేలాడదీస్తే, మూడు నెలల్లో రేడాన్ వదిలే కణాలు ఆ ఫిల్ము మీద కంటికి కనబడని గీతలు పెడతాయి. దాన్ని తెచ్చి కాస్టిక్ సోడా నీళ్ళలో వేడి చేస్తే గీతలు రంధ్రాలవుతాయి. రంధ్రాలు లెక్కపెడితే ఆ గది గాలి సంగతి తెలుస్తుంది. పుస్తకంలో ఇంతే ఉంటుంది.

ఆ మూడు నెలల్లో డబ్బీకి ఏమవుతుందో పుస్తకంలో ఉండదు. ఒక ఇంట్లో దానికి పసుపు రాసి బొట్టు పెట్టి దేవుని దగ్గర ఉంచారు. ఇంకో ఇంటామె, సర్కారు సామాను పోతే మాటొస్తుందని బీరువాలో చీరల మధ్య పెట్టి తాళం వేసింది. "మీరిచ్చినప్పుడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది మేడం, ఒక్క గీత గూడ పడనియ్యలే" అని మెరిసే ముఖంతో నా చేతిలో పెట్టింది. గీతలు పడాలనే ఇచ్చామని ఆమెతో ఎట్లా చెప్పను? థాంక్స్ చెప్పి తెచ్చుకున్నాను.

లోపలి అర్రలోకి రానిచ్చే ముందు నా ఇంటిపేరు అడిగిన ఇళ్ళూ ఉన్నాయి. చెప్పగానే "అర్రల బూజు ఉన్నది మేడం, ముందటింట్లనే కట్టు" అనేవారు. మా తాత అలాంటి గడపల బయట నిలబడి కూలి అడిగినవాడు. నేను మాత్రం "సరే, బూజు దులపండి, కూసుంట" అని అరుగు మీద చేరేదాన్ని. ఎంతసేపు దులుపుతారు? డబ్బీ గాలి ఆగే చోట కట్టాలి, నన్ను ఆపిన చోట కాదు.

తెలియని ప్రశ్నకు జవాబు చెప్పకండి. మేళ్లచెరువు వైపు సున్నపురాయి నేల, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. మేము కొలిచిన ఇళ్ళలో రేడాన్ తక్కువే వచ్చింది. ఆ మాట చెబితే ఒక పెద్దాయన కళ్ళెర్రజేశాడు. "రోజు గీ దుమ్ములనే బతుకుతున్నం, నువ్వేమో ఏం లేదంటవు?" అన్నాడు. "దుమ్ము సంగతి నా డబ్బీకి తెల్వదు పెద్దనాయినా, దవాఖానల ఛాతీ డాక్టరుకు చూపించుకో" అన్నాను. ఆయన కోపం తగ్గలేదు గానీ, అబద్ధం చెప్పలేదన్న తృప్తి నాకు మిగిలింది.

నల్లగొండలో నోరు జారడం

ఇప్పుడు నా తప్పు. నల్లగొండలో పాత మట్టిగోడల మిద్దె. పైకప్పు ఎత్తుగా ఉంది, నిచ్చెన లేదు, నాకు మధ్యాహ్నం బస్సు తొందర. గోడకున్న మేకుకే డబ్బీ తగిలించి వచ్చేశాను. మూడు నెలల తర్వాత లెక్కపెడితే రంధ్రాలే రంధ్రాలు. ఇల్లుగలాయన గడపలోనే అడిగితే, గడపలోనే చెప్పేశాను: "మీ ఇంట్లో చాలా ఎక్కువుంది సార్."

పొద్దుగూకేసరికి ఆ వాడలో అది యురేనియం ఇల్లయింది. వారం తిరక్కుండా కిరాయికున్నవాళ్ళు సామాను సర్దుకున్నారు. తర్వాత గది మధ్యలో కట్టి మళ్ళీ కొలిస్తే మామూలుగా వచ్చింది. రేడాన్‌కు తోరాన్ అనే దాయాది వాయువు ఉంది, దాని ఆయుష్షు నిమిషం దాటదు. మట్టిగోడ నుంచి బయటికొచ్చి ఆ దగ్గర్లోనే చచ్చిపోతుంది. గోడకు ఆనించిన నా డబ్బీ దాన్ని కూడా లెక్కలో వేసుకుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, బస్సు తొందరలో లక్ష్యపెట్టలేదు, అంతే.

చెప్పడానికి వెళితే ఆయన తిట్టలేదు. "మేడం, మీ మొదటి మాట ఊరంత తిరిగింది. రెండో మాట నా ఒక్కనికే చెప్తున్నరు" అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆ రోజు ఆ వాడలో గడప గడపా ఎక్కి, తప్పు నాదేనని చెప్పి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటినుంచి రెండోసారి కొలవకుండా ఎవరికీ అంకె చెప్పలేదు.

సార్ అద్దాల బీరువా

మా ప్రాజెక్టు పెద్ద ప్రభాకర్ సార్. చదువులో దిట్ట, మనిషి మంచివాడు. కానీ పరికరాన్ని కాపాడటమే శాస్త్రం అనుకునేవాడు. గంటగంటకూ రేడాన్ చూపించే మీటరు మా దగ్గర ఒక్కటే ఉండేది. అది అద్దాల బీరువాలో, మీద తువ్వాలు కప్పుకుని, పెద్దమనుషుల తనిఖీ రోజుల్లో మాత్రమే లేచేది. పల్లెకు తీసుకెళ్తానంటే "పాడైతే ఎవరు బాధ్యులండీ?" అనేవాడు. వాడితేనేగా పాడయ్యేది, వాడకుండా పాడైనదాన్ని ఎవరూ అడగరు.

కోస్గి దగ్గరి ఒక ఊళ్ళో కట్టిన డబ్బీలు వచ్చినప్పుడు ఈ బీరువా సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ మార్చాను, ఆ ఇంటివాళ్ళకు మాటిచ్చాను. అన్ని ఫిల్ములూ మామూలుగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఎల్లవ్వ అనే ముసలమ్మ ఇంటి లోపలి అర్రది. పక్కింటికంటే ఎన్నో రెట్లు. నల్లగొండ గుర్తొచ్చి ముందు నన్నే అనుమానించుకున్నాను. డబ్బీ గది మధ్యలోనే కట్టాను, నోట్సులో ఉంది. ఫిల్మును యంత్రంతో మూడుసార్లు లెక్కపెట్టాను, సూక్ష్మదర్శినితో ఒకసారి. గోకుడు లేదు, మరక లేదు.

సార్ గ్రాఫు చూసి పెన్సిలుతో ఆ చుక్కను చుట్టాడు. "ఒక్క చుక్క కోసం గ్రాఫంతా పాడుచేసుకుంటామా? కొట్టేయండి."

"ఆ చుక్కలో మనుషులు పడుకుంటున్నారు సార్" అన్నాను. అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు.

ఆయన పెన్సిలు కింద పెట్టి, ఇంకో మూడు నెలలు డబ్బీ కట్టమన్నాడు. న్యాయమైన మాటే. కానీ ఆ ఇంటికి మూడు నెలలు వ్యవధి లేదని ఊరికి వెళ్ళాక తెలిసింది.

ఎల్లవ్వ అర్ర

ఎల్లవ్వ కొడుకు నర్సిములు, జొన్న, కంది పండించే రైతు. అతని బిడ్డ లావణ్యను మక్తల్ దగ్గర ఇచ్చారు. తొలిచూలు, పుట్టింటికి రావాలి. కాన్పు దవాఖానలో అయినా, ఆ తర్వాత తల్లీ పిల్లా ఉండేది లోపలి అర్రలోనే. బాలింతకు గాలి తగలకూడదని ఆ అర్రకు తలుపు మూసి, ఉన్న ఒక్క కిటికీకి గోనెసంచి కడతారు. నెలన్నరలో కాన్పు.

మళ్ళీ కొలవాలనగానే నర్సిములు ముఖం మారిపోయింది. నన్ను పెరట్లోకి పిలిచాడు.

"నిజం చెప్పు మేడం. మా ఇంట్ల యురేనియం ఉన్నదా?"

"ఇంకా ఏదీ తేలలేదు నర్సిములూ. గాలి జర ఎక్కువ చూపిస్తాంది. ఎందుకో తెల్సుకోవాలె."

"గీ మాట మక్తల్ దాక పోతే మా బిడ్డను తోలియ్యరు. తొలి కాన్పు పుట్టింట్ల చేయలేకపోయిండని పదిమందిల నా ముఖం చిన్నగైతది. గా డబ్బీ ఏదో మీరే తీస్కపోండ్రి, మల్ల రాకుండ్రి."

అతన్ని తప్పుపట్టలేను. నల్లగొండ ఇల్లు నా కళ్ళముందే ఉంది. మీ పేరు, ఊరి పేరు బయటికి రావు, కాన్పు నాటికి అర్ర బాగవుతుందని మాటిచ్చాను. ఎట్లా బాగవుతుందో నాకు తెలియదు, అయినా ఇచ్చేశాను.

మర్నాడు సార్ ముందు నిలబడి ఒక కాగితం పెట్టాను. మీటరు పాడైతే బాధ్యత నాదేనని నా సంతకంతో ఉంది. ఆయన చదివి, మడిచి, చించేశాడు. బీరువా తెరిచి మీటరు చేతికిచ్చి "మీరు పడేస్తే నేనే పడేశానని రాసుకుంటాను లెండి" అన్నాడు. ఆయన గురించి ఇంతకుముందు రాసినదాంట్లో సగం వెనక్కి తీసుకోవాలి. ఆ మీటరును దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను.

మూసిన అర్రలో రెండు రోజులు పెట్టాను. ఫిల్ము అబద్ధం చెప్పలేదు. రాళ్ళ నుంచి వస్తోందేమోనని గోడలూ నేల బండలూ ఇంకో పరికరంతో తడిమాను, బయటి వీధికీ వాటికీ తేడా లేదు. అప్పుడు మీటరును ఒక్కో మూలన గంటసేపు కూర్చోబెట్టాను. ఎరువు సంచులు పేర్చిన మూలలో అంకె పైకి లేచింది.

"అవ్వా, గీ సంచుల కింద ఏమున్నది?"

గడపలో కూర్చుని నన్ను వింతగా చూస్తున్న ఎల్లవ్వ "ఏముంటది, పాతర" అంది.

మీలో పట్నంలో పుట్టినవాళ్ళకు పాతర తెలియకపోవచ్చు. జొన్నలు దాచడానికి ఇంట్లోనే నేలలో తవ్విన లోతైన గుంత. చుట్టూ గడ్డి పరిచి, జొన్నలు పోసి, మీద బండ మూసి మట్టితో మెత్తేవారు. బియ్యం తిండి వచ్చాక ఆ ఇంట్లో పాతర అవసరం తీరిపోయింది. ఖాళీ గుంత మీద బండ, బండ మీద సంచులు. నేల అడుగున పుట్టే వాయువుకు అదొక తెరిచిన నోరు. మూడు నెలల కింద ఆ సంచుల పక్కనే నిలబడి డబ్బీ కట్టాను, కింద ఏముందని అడగాలని తోచలేదు. నాది పాతర ఇల్లు కాదు మరి. దాచుకునేంత జొన్న మా ఇంట్లో ఎన్నడూ లేదు.

రేడాన్ గురించి నేను చెప్పబోతే ఎల్లవ్వ చేయి అడ్డం పెట్టింది. "పాతర గాలి మంచిది కాదని నాకు జెప్తవా బిడ్డా? మా అత్త బండ తీపిచ్చి ఒక దినమంత గాలాడనిచ్చేది. దీపం దించి చూసేది. దీపం మలిగితే మనిషిని దిగనియ్యకపోయేది."

ఆ దీపం రేడాన్‌ను పట్టదు, ఊపిరాడుతుందో లేదో మాత్రమే చెబుతుంది. ఆ తేడా ఆమెకు చెప్పాను. "ఏ గాలైతేంది, అడుగు నుంచి వచ్చేది పైకి పోవాలె గద" అంది. మా రిపోర్టుల్లో నాలుగు పేజీలు రాసే సంగతి అది.

సార్‌కు ఫోన్ చేస్తే "మన పని కొలవడం అమ్మా, తాపీ పని కాదు" అన్నాడు. నిబంధనల ప్రకారం ఆయన మాట నిజం. అయితే మీకొక మాట చెబుతాను: రోగం పేరు చెప్పి గుమ్మం దాటిపోయేవాడిని ఏ ఊరూ రెండోసారి రానివ్వదు. ఆ శని ఆదివారాలు సెలవు దినాలు, నా సొంతం. నర్సిములు బోరుబావి కోసం తెచ్చుకున్న పైపుల్లో ఒకటి మిగిలి ఉంది. మేస్త్రి దాన్ని పాతరలోకి దించి, గోడ పక్కగా మిద్దె పైదాకా నిలబెట్టి, బండ చుట్టూ సిమెంటు పట్టించాడు. ఇక గాలి పైపులోంచి పైకి పోవాలి.

ఇల్లు అలకగానే పండగ కాదు. సిమెంటు ఆరాక కొలిస్తే సగానికి దిగింది, సగం అట్లాగే ఉంది. కాన్పుకు మూడు వారాలు. నర్సిములు నా వైపు చూడటం మానేశాడు. మాట నిలబెట్టుకోలేనేమోనని నాకు భయం పట్టుకుంది. మేస్త్రి ఇంకో కోటింగు వేద్దామన్నాడు.

ఎల్లవ్వ నవ్వింది. "బండకు ఎన్ని కోటింగులేస్తరు? పందికొక్కులు పాతరకు తొవ్వ చేసుకోకుండ ఉంటయా?"

జొన్నలున్న కాలంలో పందికొక్కులు గోడ కింది నుంచి పాతరలోకి బొరియ తవ్వుకోవడం మామూలట. ఎల్లవ్వ ఊదుబత్తి వెలిగించి గోడ మొదట్లో మెల్లగా జరుపుతూ పోయింది. తలుపు వెనక ఒకచోట నిటారుగా లేస్తున్న పొగ అటూ ఇటూ కొట్టుకుంది. అక్కడ గీకితే పిడికిలి పట్టే బొక్క. రాళ్ళు దట్టించి, సిమెంటు పోసి మూశాం. రెండు రోజులాగి, అర్ర మూసి మీటరు పెడితే, అంకె ముందటింటి వసారాతో సమానంగా నిలబడింది. మీటరు పక్కన కింద కూలబడి నేను ఏడ్చాను. చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

కిటికీ తీసి ఉంచమని మాత్రం నేను ఎల్లవ్వతో పంచాయితీ పెట్టుకోలేదు. ఆ పంచాయితీలో దవాఖాన నర్సులు ఓడిపోవడం చాలాసార్లు చూశాను. బాలింతకు స్నానం చేయించే వేళ అర్ర ఖాళీగానే ఉంటుంది కదా, అప్పుడైనా తలుపూ కిటికీ తీయమన్నాను. "తానం పోసేటప్పుడైతే తీస్తం, దానికేంది" అంది.

సార్ అంతా విని "కొండను తవ్వి ఎలుకను పట్టారన్నమాట" అన్నాడు. "మనకు కావలసింది ఆ ఎలుకే సార్" అన్నాను. ఆయన పెన్సిలు చుట్టిన చుక్క పక్కనే కొత్త చుక్క తన చేత్తో పెట్టాడు.

తొట్టెల

లావణ్యకు మగపిల్లాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజు తొట్టెలకు నన్ను పిలిచారు. మక్తల్ నుంచి లావణ్య అత్తగారు నలుగురు బంధువులతో వచ్చింది. పిల్లాణ్ణి తొట్టెలో వేసి పాటలు అయ్యాక, ఆమె వాకిట్లో నిలబడి మిద్దె పైకి చూసింది.

"గా పైపేంది అవ్వా? కింద నల్ల లేదు, పైన ట్యాంకి లేదు."

నర్సిములు చేతిలో వక్కల పళ్ళెం ఆగిపోయింది. అతను నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. మాటిచ్చినదాన్ని, నేను నోరు విప్పకూడదు.

ఎల్లవ్వ మాత్రం పీట జరుపుకుని, వచ్చినవాళ్ళందరికీ వినబడేటట్టు మొదలుపెట్టింది. పాతర, మూసిన అర్ర, డబ్బీ, దుప్పట్లో వచ్చిన మీటరు, పందికొక్కు బొక్క, ఏదీ దాచలేదు. బొక్క దగ్గర తన ఊదుబత్తి గొప్ప కొంచెం ఎక్కువే చెప్పుకుంది. చివరికి "గిప్పుడు మా అర్రల గాలి ఊరి బయటి గాలి లెక్కున్నది, మేడం మీటరే సాక్షం" అని ముగించింది.

లావణ్య అత్త కాసేపు పైపు వైపే చూసి, గొంతు తగ్గించి అంది: "మా నడింట్ల గూడ మా అత్తల కాలం పాతర ఉన్నది అవ్వా. మీద మంచమేసుకొని పండుకుంటున్నం."

"అట్లనా?" ఎల్లవ్వ లేచి నిలబడి తొట్టె తాడు పట్టుకుంది. "అయితే మేడం మీ ఇంటికొచ్చి, కొలిచి, సరే అన్నదాక నా మనుమరాలిని, పసిపోరన్ని తోలియ్య."

నర్సిములు నవ్వడం నేను చూసింది అప్పుడే. లావణ్య అత్త నా చేయి పట్టుకుని ఎప్పుడొస్తారని అడిగింది. సోమవారం అన్నాను.